పాత మండువా ఇల్లు కొని, విప్పి, వేరే ఊళ్లో నిలబెట్టాలంటే ఏం చూడాలి?

పల్లెబాట
కోనసీమ, పాలకొల్లు, నరసాపురం వైపు పాత మండువా లోగిలి (మధ్యలో ఆకాశానికి తెరిచిన మండువా, చుట్టూ వసారాలున్న ఇల్లు) ఒకటి కొని, విప్పించి, హైదరాబాద్ వైపు షాద్‌నగర్ దగ్గర స్థలంలో మళ్లీ నిలబెట్టాలని ఆలోచన. స్థలం ఉత్తరం ముఖం. 20 అడుగుల లారీ లోపలిదాకా వస్తుంది. నాలుగు వైపులా వసారా ఉండాలి, మండువా 10 × 10 అడుగులకు తగ్గకూడదు. బ్రోకర్లు పంపే ఫొటోలన్నీ సింహద్వారం, చెక్కుడు స్తంభాలవే. ఇల్లు చూడ్డానికి వెళ్తే అసలు ఏం చూడాలి? ధర ఎలా కట్టాలి? ఎక్కడ దెబ్బ తింటాం? తెలిసినవాళ్లు చెప్పండి.

దూలం వాసం
సింహద్వారం చివర చూడండి. దాన్ని ఎవరూ పాడు కానివ్వరు, ఏటా నూనె రాస్తారు. ముందు మండువాలో నిలబడి తల పైకెత్తండి. నాలుగు కప్పులూ లోపలికి వాలి కలిసే చోట నాలుగు మూలవాసాలుంటాయి. ఇంటి మొత్తం నీళ్లు వాటి మీదుగానే దిగుతాయి కాబట్టి కుళ్లు అక్కడే మొదలవుతుంది. వాటి కింద చెక్క నల్లబడి ఉందా, తెల్లటి బూజు గీతలున్నాయా, పక్క వాసాలు దాని మీద ఆనే చోట జారాయా చూడాలి. నాలుగింటిలో రెండు పోయినా ఫర్వాలేదు, కొత్తవి చేయించుకోవచ్చు. నాలుగూ పోయి, వాటి కింద పట్టెలు (స్తంభాల మీద అడ్డంగా ఉండి వాసాలను మోసే కర్రలు) కూడా మెత్తబడితే ఆ ఇంటిని కలప లెక్కన కొనాలి తప్ప ఇల్లు లెక్కన కాదు.

తర్వాత స్తంభాల పాదాలు. దిమ్మ రాయికి (స్తంభం కింద ఉండే రాయి) పైన ఒక అడుగు వరకూ స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. లంక గ్రామాలైతే 1986 ఆగస్టు వరద నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఇంట్లోవాళ్లని అడిగితే గోడ మీద చూపిస్తారు. ఆ గీత కింద ఉన్న చెక్కంతా అనుమానంతో చూడాల్సిందే. నానిన చెక్క పైకి బాగానే ఆరుతుంది, రాయి మీద ఆనే అడుగుభాగం మాత్రం లోపల పొట్టుగా మారి ఉంటుంది.

మూడోది, గోడలో దూరిన దూలం కొసలు. ఇది కంటికి కనపడదు. ఇంటాయన ఒప్పుకుంటే గోడకు రెండు అంగుళాల ఇవతల నుంచి 6 ఎంఎం డ్రిల్లు బిట్ ఏటవాలుగా గోడ వైపు దించండి. పసుపుపచ్చగా పొడి రజను వస్తూ, బిట్ కష్టంగా దిగితే చేవ (లోపలి గట్టి చెక్క) ఉన్నట్టే. ఉన్నట్టుండి బిట్ జారిపోయి, నల్లటి తడి పొడి వస్తే ఆ కొస పోయింది. చూశాక ఆ బెజ్జంలో టేకు పుల్ల బిగించి కోసేయాలి. అలా వదిలేసి వస్తే మర్యాద కాదు, చెదకు దారి చూపించినట్టూ అవుతుంది.

కొస తొమ్మిది అంగుళాలు కోసేస్తే దూలం తొమ్మిది అంగుళాలు పొట్టి అవుతుంది. అప్పుడు గదే చిన్నదవ్వాలి, లేకపోతే గోడలోంచి రాతి బ్రాకెట్టు బయటికి తీసి దాని మీద ఆనించాలి. అందుకే ధర మాట్లాడేముందే ఈ డ్రిల్లు పని అయిపోవాలి.

అడితి లెక్క
ధర సంగతి. అడితి (కలప డిపో) వాళ్లు ఇంటిని గుత్తగా అడుగుతారు, కానీ మనసులో లెక్క ఘనపుటడుగుల్లోనే ఉంటుంది. మీరూ అలాగే కట్టుకోండి. వెడల్పు అంగుళాల్లో, మందం అంగుళాల్లో, పొడవు అడుగుల్లో తీసుకుని గుణించి 144తో భాగిస్తే ఘనపుటడుగులు వస్తాయి.

9 × 6 దూలం 14 అడుగులుంటే 5.25.
4 × 3 వాసం 12 అడుగులుంటే సరిగ్గా 1.
8 అడుగుల గుండ్రటి స్తంభం, సగటున 9 అంగుళాల అడ్డుకొలత అయితే సుమారు 3.5.

ఉదాహరణకు ఒక ఇంట్లో 16 స్తంభాలు, 14 దూలాలు, 120 వాసాలు, 8 మూలవాసాలు (లోపల నాలుగు, బయట నాలుగు), పట్టెలు, పది ద్వారబంధాలు కలిస్తే 350 ఘనపుటడుగుల దగ్గర తేలుతుంది. ఎండిన టేకు ఘనపుటడుగు 18-19 కిలోలు. అంటే కలప ఒక్కటే ఆరున్నర టన్నులు. బరువు పెద్దది కాదు గానీ చోటు తింటుంది, ఒక లారీలో పట్టదు.

ఇక్కడ మీకూ అడితికీ ఒక తేడా ఉంది. అడితి వాడికి దూలంలో ఉన్న ప్రతి బెజ్జం నష్టమే. వాడు దాన్ని పలకలుగా కోసి అమ్ముతాడు, బెజ్జం పడ్డ అడుగుంబావు ముక్క వాడి లెక్కలోంచి తీసేస్తాడు. మీకు ఆ బెజ్జమే కావాలి, మళ్లీ నిలబెట్టేటప్పుడు పక్క కర్ర కొస దిగేది అందులోనే. కాబట్టి అడితి గుత్త కన్నా కొంచెం పైకి వెళ్లినా మీకు నష్టం లేదు, ఇంటివాళ్లకూ ఇష్టమే. ఇల్లు ముక్కలై మిల్లుకు పోకుండా ఎక్కడో నిలబడుతుందంటే చాలామంది ధర దగ్గర మెత్తబడతారు.

అన్నీ టేకే అనుకోకండి. ముందు వసారా బర్మా టేకు, లోపలి గదులు మద్ది, వంటింటి వైపు తాటి దూలాలు ఉండటం మామూలే. రంగు వేసి ఉంటే తేడా తెలియదు. కనపడని చోట ఒక అంగుళం గీకి చూడండి. టేకు గీకితే నూనె వాసన, తోలు వాసన కలిసినట్టు వస్తుంది. తాటి వాసాలు విప్పి మళ్లీ మేకు కొడితే నిలువునా చీలుతాయి, వాటికి ధర కట్టొద్దు.

చూరుకింద
ఒక మాట. ఉన్న చోటే బాగు చేయించుకోలేమా? మంచి ఇంటిని ఊళ్లోంచి లేపేసి ఫామ్‌హౌస్‌లో పెట్టడం నాకు నచ్చదు. గోడలు, గచ్చు, అరుగు, వీధితో ఉన్న సంబంధం ఏదీ లారీ ఎక్కదు. వచ్చేది కర్రలు మాత్రమే.

దూలం వాసం
చూరుకింద గారూ, మీ మాటతో పేచీ లేదు. వారసులు ఉంటున్న ఇల్లయితే నేనూ అదే చెబుతాను. కానీ ఇప్పటికే అడితితో బేరం కుదిరిన ఇల్లయితే మిగిలిన దారి రంపమే. అందుకే పల్లెబాట గారికి నా సలహా: బాగున్న ఇంటిని అమ్మమని వెంటపడకండి. అమ్మకానికి నిర్ణయమైపోయిన ఇళ్లు వెతకండి. సంక్రాంతికి అన్నదమ్ములు, ఆడపడుచులు అందరూ ఊరికి వస్తారు, పంపకం మాటలు అప్పుడే తేలతాయి. మాఘం, ఫాల్గుణంలో అడితుల చుట్టూ తిరగండి, ఏ ఊళ్లో ఏది పడగొడుతున్నారో వాళ్లకే ముందు తెలుస్తుంది. విప్పడం ఎండాకాలంలో అయిపోవాలి. ఆషాఢం, మూఢం అంటూ చాలామంది ఇల్లు కదలనివ్వరు, ఆ లోపు వానలు వచ్చేస్తాయి.

గోదారి వకీలు
కాగితాల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి.

స్థలం లేకుండా ఇల్లు మాత్రమే కొంటున్నారు. నేలకు అతుక్కుని ఉన్నంతవరకూ అది స్థిరాస్తి. కానీ విడదీసి తీసుకుపోవాలన్న ఒప్పందం కింద అమ్మితే సేల్ ఆఫ్ గూడ్స్ యాక్ట్ 1930 సెక్షన్ 2(7) ప్రకారం అది సరుకు కిందికి వస్తుంది. అందుకే ఒప్పందంలో "ఇల్లు అమ్మితిమి" అని వదిలేయకుండా "ఈ షెడ్యూలులో చూపిన కలప, పెంకులు, రాళ్లు విప్పి తీసుకుపోవుటకు" అని స్పష్టంగా రాయించండి. స్థలం మీద మీకు ఏ హక్కూ రాదని కూడా రాయాలి, అప్పుడు వాళ్లకూ భయం ఉండదు.

సంతకాలు అసలు తలనొప్పి. తాతల నాటి ఇల్లయితే కొడుకులతో ఆగదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో హిందూ వారసత్వ చట్టానికి 1986లో చేసిన సవరణతోనే ఆడపిల్లలకు, అప్పటికి పెళ్లి కానివాళ్లకు, పిత్రార్జితంలో వాటా వచ్చింది. 2005 కేంద్ర సవరణ, దాని మీద 2020లో సుప్రీంకోర్టు వినీతా శర్మ తీర్పు తర్వాత పెళ్లయిందా లేదా అన్న ప్రశ్నే లేదు. అమెరికాలో ఉన్న చెల్లెలి దగ్గర్నుంచి కూడా కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ తెప్పించమనండి. సగం కప్పు విప్పాక ఒక వాటాదారు వచ్చి ఆపితే, కప్పు లేని గోడల మీద వాన పడుతుంది, మీ డబ్బు కోర్టులో ఉంటుంది.

గ్రామకంఠంలో (ఊరి ఇళ్ల కోసం వదిలిన స్థలంలో) ఉన్న ఇళ్లకు దస్తావేజు ఉండకపోవచ్చు. ఇంటిపన్ను రసీదులు, పంచాయతీ డిమాండు రిజిస్టరులో పేరు, కరెంటు బిల్లు మూడూ ఒకే కుటుంబం పేరు మీద ఉన్నాయా చూడండి. దస్తావేజు ఉంటే ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయండి, బ్యాంకు తాకట్టు ఉంటే బయటపడుతుంది.

ఒప్పందంలో ఈ నాలుగూ మర్చిపోవద్దు: కరెంటు సర్వీసు ఎవరు తీయిస్తారు, విప్పిన తర్వాత మట్టిగోడలు కూల్చి స్థలం చదును చేయాల్సింది ఎవరు, ఎన్ని రోజుల్లో, పక్కింటి ఉమ్మడి గోడ దెబ్బతింటే ఎవరి బాధ్యత. ఇక ఇంటివాళ్లు ఉంచుకునేవి: ఉయ్యాల బల్ల, దేవుడి గది తలుపులు, గాదె పలకలు, ఒక్కోసారి గడప. వీటికి ఫొటోలు తీసి విడిగా జాబితా పెట్టండి. చివరి రోజు గొడవలన్నీ వీటి దగ్గరే వస్తాయి.

పల్లెబాట
టేకు కలప లారీలో తీసుకెళ్తే చెక్‌పోస్టులో ఆపుతారా?

గోదారి వకీలు
ఆపొచ్చు. పాత ఇంటి కలప అని మీరు చెబితే నమ్మాల్సిన అవసరం వాళ్లకు లేదు. విప్పకముందే అటవీ శాఖ రేంజి ఆఫీసులో దరఖాస్తు ఇవ్వండి. నిలబడి ఉన్న ఇంటి ఫొటోలు, పంచాయతీ కార్యదర్శి ధ్రువపత్రం, ఒప్పందం నకలు, ముక్కలవారీ కొలతల జాబితా జత చేయాలి. ఆంధ్ర నుంచి తెలంగాణకు దాటుతుంది కాబట్టి పర్మిట్‌లో దారి, వాహనం నంబరు, తేదీలు సరిగ్గా ఉండాలి. లారీ మారితే పర్మిట్ కూడా మార్పించుకోవాలి. విప్పి కుప్ప పోశాక వెళ్తే అది పాత ఇంటిదని చూపించడానికి ఏమీ మిగలదు.

పునాదిరాయి
నిర్మాణం వైపు నుంచి. ఇలాంటి పనుల్లో ఎక్కువగా పాడయ్యేది పునాది దగ్గరే, అదీ పునాది మరీ సరిగ్గా కట్టడం వల్ల.

పాత మండువా ఇల్లు చదరంగా ఉండదు. మూలమట్టం పెట్టి చూస్తే ఏ మూలా సరిగ్గా 90 డిగ్రీలు రాదు. రెండు కర్ణాలు కొలిస్తే మూడు నాలుగు అంగుళాలు తేడా ఉండటం సహజం. దూలాలు, పట్టెలు ఆ వంకరకు తగ్గట్టే కోసి, కుసులు (బెజ్జంలో దూరేలా చెక్కిన కర్ర కొసలు) ఆ కోణంలోనే తీశారు. మన ఇంజనీరు ప్లాన్‌లో దాన్ని దిద్ది చక్కటి చతురస్రం గీస్తాడు, మేస్త్రీ అలాగే పోస్తాడు. కప్పు ఎక్కించే రోజు ఒక వైపు కుసి బెజ్జంలోకి అర అంగుళం మిగిలిపోతుంది, రెండో వైపు అసలు అందదు. అప్పుడు కుసులు కోసి ఇనుప ప్లేట్లు బిగిస్తారు. ఇన్ని లక్షలు పెట్టి కొన్న కీళ్లు అక్కడితో అయిపోయినట్టే.

కాబట్టి విప్పకముందు ప్రతి స్తంభం నడిమి నుంచి ప్రతి స్తంభం నడిమికి, కర్ణాలతో సహా కొలవండి. పునాది ఆ కొలతలకే.

ఎత్తులు కూడా అంతే. వెనకటి వడ్రంగి ప్రతి స్తంభాన్నీ దాని దిమ్మ రాయికి సరిపెట్టి కోశాడు. ఒకటి 7 అడుగుల 10 అంగుళాలు, పక్కది 7 అడుగుల 11 ఉంటుంది, రాళ్లు ఆ తేడాను మింగేస్తాయి. ఏ స్తంభం ఏ రాయి మీదదో నంబరు వేయండి. కొత్త చోట సమమట్టంగా స్లాబు ఉంటే రాయి కింద సున్నం పరుపు ఎక్కువ తక్కువ చేసి ఎత్తు సర్దాలి. స్తంభాన్ని మాత్రం కోయొద్దు.

పునాదిరాయి
గాలి గురించి విడిగా రాస్తున్నాను. గాలి భారాలకు ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం కోస్తాలో ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, హైదరాబాద్‌కు 44. తక్కువే కదా అని ధీమా పడొద్దు. కోనసీమలో ఆ ఇల్లు కొబ్బరితోట మధ్య, చుట్టూ ఇళ్ల చాటున ఉంది. షాద్‌నగర్‌లో మిట్ట మీద ఒంటరిగా ఉంటుంది. పైగా చాలామంది అక్కడున్న మందపాటి గోడలు వద్దని మూడు వైపులా తెరిచి వదిలేస్తారు. గాలి లోపల దూరి కప్పును కింద నుంచి ఎత్తుతుంది. పాత ఇంట్లో కప్పు బరువు మీదే నిలిచింది, పట్టి ఉంచింది ఏమీ లేదు.

చేయాల్సింది: ప్రతి స్తంభం అడుగున 16 ఎంఎం స్టెయిన్‌లెస్ కడ్డీ, ఆరు అంగుళాలు రాతిలో, ఆరు అంగుళాలు స్తంభంలో. మధ్యలో పల్చటి సీసం రేకు, లేకపోతే రాయిలోంచి తేమ చెక్కలోకి ఎక్కుతుంది. కడ్డీ తుప్పు పట్టేదైతే ఉబ్బి స్తంభాన్ని చీలుస్తుంది, అందుకే స్టెయిన్‌లెస్. దిమ్మ రాయిని కూడా పునాదికి అలాగే కట్టాలి. వాసం పట్టె మీద ఆనే ప్రతి చోటా లోపలి వైపు కనపడకుండా జీఐ (జింకు పూత ఇనుము) పట్టీ. చూరు వరసలు రెండు, వెన్ను పక్క వరస ఒకటి పెంకులకు రాగి తీగ కట్టాలి. బంగాళా పెంకు అడుగున చిన్న ముక్కు ఉంటుంది, దానికి బెజ్జం ఉన్నది తీగ కోసమే.

నల్లరేగడి తగిలితే మామూలు పునాది వద్దు, అండర్‌రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా పోసే కాంక్రీటు స్తంభాలు) కనీసం మూడున్నర మీటర్ల లోతుకు. చెక్క ఇల్లు తేలిక కదా అంటారు. నేల ఉబ్బినప్పుడు తేలిక ఇల్లే ముందు లేస్తుంది.

పల్లెబాట
చాలా థాంక్స్ అండీ. ఇంకో సందేహం. నాకు నచ్చిన ఇల్లు తూర్పు ముఖం, స్థలం ఉత్తరం. వాస్తు ఆయన వంటిల్లు ఆగ్నేయంలోనే ఉండాలి, కాబట్టి ఇల్లు అద్దంలో చూసినట్టు తిప్పేయమంటున్నారు.

దూలం వాసం
తిప్పడం కుదురుతుంది, అద్దంలా మార్చడం కుదరదు. ఇంటి మొత్తాన్ని పావు చుట్టు తిప్పితే ప్రతి కీలూ దాని జోడీతోనే ఉంటుంది. అద్దంలా చేస్తే ఎడమ మూలవాసం కుడికి పోవాలి. మూలవాసానికి రెండు చెంపల్లోనూ పక్క వాసాలు దూరే గాడులు వేర్వేరు కోణాల్లో ఉంటాయి, కుడి ఎడమలు మారితే ఒక్కటీ కూర్చోదు. ద్వారబంధంలో తలుపు తిరిగే కొయ్య గుంట కూడా ఒక వైపే ఉంటుంది.

వంటిల్లు సంగతి వేరే. పాత వంటింటి గదిని పడగ్గది చేసుకోండి, కొత్త వంటిల్లు, బాత్రూములు వెనకాల విడిగా ఇటుక, ఆర్‌సీసీతో కట్టుకోండి. అడుగున్నర సందు వదిలి, మధ్య కప్పు రేకుతో కలపండి. తడి గదుల్ని ఈ చెక్క చట్రం లోపలికి తేవడం నాకు అసలు ఇష్టం లేదు, వాస్తు ఆయన ఒప్పుకున్నా సరే.

కుసి బెజ్జం
విప్పడం గురించి ఎవరైనా రాస్తారేమో అని చూశాను.

సుద్దముక్కతో, మార్కర్‌తో నంబర్లు వేయొద్దు. ఒక వాన పడితే, ఒకసారి పురుగు మందు బోరాక్స్ తొట్టెలో ముంచితే పోతాయి. రంగు వేస్తే గీకేటప్పుడు పోతుంది. అల్యూమినియం బిళ్లలు కోసి ఉక్కు అచ్చులతో నంబరు కొట్టి, కొస మీద (కనపడే ముఖం మీద కాదు) రెండు రాగి మేకులతో బిగించాలి. ఈశాన్య మూల స్తంభం 1, అక్కడి నుంచి సవ్యదిశలో. దూలానికి అది ఏ రెండు స్తంభాల మధ్యదో అదే పేరు: 3-4, 4-5. వాసానికి వాలు పేరు, వరస సంఖ్య: తూ 1, తూ 2. ప్రతి ముక్క ఏ కొస ఉత్తరం వైపుందో బిళ్ల మీదే బాణం కొట్టండి. ఇది వదిలేస్తే 120 వాసాలు రెండేసి సార్లు ఎత్తి చూడాల్సి వస్తుంది.

కీళ్ల దగ్గర ఉలితో కొట్టిన గీతలు, నెలవంకలు, చుక్కలు కనిపిస్తే చెరపకండి. అవి పాత వడ్రంగి వేసుకున్న గుర్తులు, ఏది దేనికి జోడీ అన్నది అక్కడే ఉంది. వాటినీ ఫొటో తీసి మీ నంబరు పక్కన రాసుకోండి.

విప్పే వరస: పెంకులు నాలుగు వాలుల మీదా సమానంగా దించాలి. ఒక్క వాలే ఖాళీ చేస్తే ఎదుటి వాలు బరువుకు చట్రం పక్కకు ఒరుగుతుంది. తర్వాత బద్దీలు (పెంకులు ఆనే సన్న కర్రలు), మామూలు వాసాలు, వెన్నుగాడి (కప్పు శిఖరాన ఉండే పొడుగు కర్ర), మూలవాసాలు, పట్టెలు, దూలాలు, చివర స్తంభాలు. పట్టెలు తీసేముందు స్తంభాలకు అడ్డంగా వెదురు కట్టి నిలబెట్టండి. కుసి బిగిసిపోతే సుత్తితో దూలాన్ని కొట్టడం కాదు, ముందు చెక్క చీల ఎక్కడుందో వెతికి రెండో వైపు నుంచి తన్నాలి. చీల ఉండగానే దూలాన్ని లాగితే కుసి చెంప విరుగుతుంది, అన్నిటికన్నా ఖరీదైన నష్టం అదే. చీలలకు కొత్త టేకు పుల్లలు చేయించుకోవచ్చు, పాతవి దాచక్కర్లేదు.

పొడుగు పట్టెలు లారీలో పట్టవని కోసేవాళ్లుంటారు. 24 అడుగుల పట్టెకు పొడుగు లారీ మాట్లాడండి. కోస్తే అక్కడ అతుకు వేయాలి, అతుకు కింద స్తంభం ఉండదు.

బంగాళా పెంకు
పెంకుల మీద నాలుగు ముక్కలు. బంగాళా పెంకు, మంగుళూరు పెంకు రెండూ ఒకటే. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్లు మొదలుపెట్టిన నమూనా. పాతవాటి వెనక కంపెనీ పేరు, ఊరు అచ్చు ఉంటుంది. ఒక ఇంట్లోనే మూడు నాలుగు కంపెనీల పెంకులుంటాయి, వాటి గాడులు ఒకదానితో ఒకటి కూర్చోవు. దించేటప్పుడే అచ్చును బట్టి వేర్వేరు కుప్పలు పోయించండి. ఒక్కో వాలుకు ఒక్కో కంపెనీ పెంకు వచ్చేలా సర్దితే కారడం సగం తగ్గుతుంది.

100 చదరపుటడుగుల వాలుకు సుమారు 140 పెంకులు. ఒక్కోటి రెండున్నర కిలోలు పట్టుకుంటే 350 కిలోలు. మీ ఇంటికి వాలు 2500 చదరపుటడుగులుంటే 3500 పెంకులు, దాదాపు తొమ్మిది టన్నులు, అదొక లారీ. దించడం, రవాణా, ఎక్కించడంలో అయిదో వంతు పోతాయని ముందే లెక్కేసుకుని, పక్క ఊళ్లో పడగొడుతున్న ఇంకో ఇంటి నుంచి అదే అచ్చువి కొని పెట్టుకోండి. పడుకోబెట్టి పేర్చితే కింద వరసలు పగులుతాయి. నిలువుగా, వరసల మధ్య గడ్డితో.

వేలితో తట్టి చూడండి. కంగుమంటే మంచిది, డొల్లగా పలికితే పగులు ఉంది. నాచు ఉన్నవి పారేయొద్దు, బ్రష్షుతో పోతుంది. ప్రెషర్ వాషర్ పెడితే మాత్రం పైపొర లేచి నీళ్లు పీలుస్తాయి.

గూనపెంకు (అర్ధగుండ్రంగా ఉండే నాటు పెంకు) ఉన్న ఇంటి మీద బంగాళా పెంకు వేద్దామనుకుంటే ముందు వాలు కొలవండి. అడ్డంగా రెండడుగులకు నిలువున కనీసం ఒక అడుగు ఉండాలి. తక్కువైతే గాలివానకు నీళ్లు వెనక్కి ఎక్కుతాయి.

పునాదిరాయి
పెంకు కింద వాటర్‌ప్రూఫ్ షీటు వేయిస్తే ఒక జాగ్రత్త. షీటు మీద నేరుగా అడ్డ బద్దీలు కొడితే, పెంకులోంచి కారిన చుక్క బద్దీ దగ్గర ఆగి అక్కడే నిలుస్తుంది, బద్దీ కుళ్లుతుంది. ముందు వాసం పొడుగునా నిలువు బద్దీ అర అంగుళం మందంది, దాని మీద అడ్డ బద్దీ. నీళ్లు కిందికి జారిపోవాలి.

మండువా తూము లెక్క కూడా ఇక్కడే చెబుతాను. లోపలికి వాలే కప్పు నేల కొలతలో 1000 చదరపుటడుగులు అనుకుంటే, గంటకు 100 మిల్లీమీటర్ల వానకు సెకనుకు రెండున్నర లీటర్లు పైగా మండువాలో పడతాయి. వాలు సరిగ్గా ఉంటే నాలుగంగుళాల పైపు ఒకటే లాగేస్తుంది. కానీ ఆకులు అడ్డుపడితే పావుగంటలో వసారా తడుస్తుంది. రెండు పైపులు, రెండు వేర్వేరు మూలల నుంచి, లోపలి గట్టు కంటే నాలుగంగుళాలు దిగువన. మూలవాసాల మీద నీళ్లు దిగే కాలువకు కనీసం అడుగున్నర వెడల్పు జీఐ లేదా అల్యూమినియం రేకు, పెంకుల అంచుల మధ్య నాలుగంగుళాలు ఖాళీ. ఇరుకుగా వేస్తే ఆకు చిక్కుకుని నీళ్లు రేకు పక్కనుంచి చెక్కలోకి పోతాయి.

మండువా మీద పాలికార్బొనేట్ మూస్తే అడుగు ఎత్తులో చుట్టూ సందు వదలండి. మూసేస్తే మేలో ఆ వసారాలో కూర్చోలేరు.

డంగుసున్నం
గోడలు రావు, నిజమే. కానీ ఇటుకలు వస్తాయి, మట్టితోనో సున్నంతోనో కట్టి ఉంటే. సిమెంటుతో కట్టినవి ఊడవు, విరుగుతాయి.

కొత్త గోడ పాత ఇటుకతో కడితే సిమెంటు పూత వద్దు. పాత ఇటుక తేమ పీలుస్తుంది, వదులుతుంది. సిమెంటు పూత దాన్ని లోపలే బంధిస్తుంది, ఉప్పు పూసి రెండేళ్లలో పెచ్చులు. సున్నం ఒకటి, సుర్కీ (ఇటుక పొడి) ఒకటి, ఇసుక రెండు పాళ్లు. సున్నం కనీసం రెండు వారాలు నీళ్లలో నానాలి, పైన ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండాలి. తొందరపడి అప్పుడే కలిపితే గోడలో ఉడకని గులకలు తర్వాత ఉబ్బి పూతను బుడిపెలుగా తోస్తాయి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చివరి రెండు పూతల్లో కలిపితే చాలు.

తెల్లచెక్క
పురుగు మందు: 100 లీటర్ల నీళ్లకు బోరిక్ యాసిడ్ రెండున్నర కిలోలు, బోరాక్స్ మూడున్నర కిలోలు. వేణ్నీళ్లలో కరిగించి పోయాలి. వాసాలను తొట్టెలో ముంచి ఉంచండి, దూలాలకు నాలుగైదు సార్లు బ్రష్షు. పుచ్చు పురుగు తెల్లచెక్కనే (చేవ చుట్టూ ఉండే లేత చెక్క) తింటుంది, చేవ జోలికి పెద్దగా రాదు. కాబట్టి అంచుల్లో తెల్లచెక్క పొడైపోయి ఉంటే బాడిసతో చెక్కేయండి, లోపల చేవ కొలత సరిపోతే ఆ ముక్క మంచిదే. బోరాన్ నీళ్లలో కరుగుతుంది కనక చూరు వైపు కొసలకు పైన నూనె తప్పదు. అవిసె నూనె, టర్పెంటైన్ సమానంగా మొదటి పూత, తర్వాత నూనె ఎక్కువ చేస్తూ రెండు పూతలు. నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా పడేయకండి, వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్లలో ముంచి ఆరేయాలి.

పాత రంగు కాస్టిక్ సోడాతో తీయిస్తారు, త్వరగా పోతుంది. టేకు నల్లబడుతుంది, చెక్కుడు పని అంచులు మెత్తబడతాయి. ఇసుక బ్లాస్టింగ్ ఇంకా ఘోరం. హీట్ గన్ తక్కువ వేడి మీద, గీకుడు బ్లేడు, ఓపిక. పాత రంగుల్లో సీసం ఉంటుంది, పొడిగా సాండింగ్ మిషన్ పెట్టొద్దు, మాస్కు తప్పనిసరి.

తోపడా (చిత్రిక) పెట్టేముందు మెటల్ డిటెక్టర్‌తో చూడండి. విరిగిన మేకు ముక్క ఒక్కటి చాలు, బ్లేడు పోతుంది.

కావేరి తెలుగు
చూడాలనుకునేవాళ్లకు: చెన్నై దగ్గర ముట్టుకాడులో దక్షిణచిత్ర ఉంది, 1996 నుంచి తెరిచి ఉంది. దక్షిణాది ఇళ్లను విప్పి తెచ్చి నిలబెట్టారు. కేరళలోని పుతుపళ్లి నుంచి తెచ్చిన సిరియన్ క్రైస్తవుల ఇంట్లో చెక్క కీళ్లు దగ్గరగా చూడొచ్చు. మణిపాల్‌లో విజయనాథ శెణై గారి హస్తశిల్ప గ్రామం కూడా అలాంటిదే. రెండు చోట్లా కప్పు మూలల్లో, స్తంభం పాదాల్లో మరమ్మతు ఎలా చేశారో వెతికి చూడండి.

పల్లెబాట
ఒక ఇల్లు తగిలింది. వివరాలు: 14 స్తంభాలు, మండువా 11 × 12, బంగాళా పెంకు, వెనక వైపు వాలు తీసేసి ఎప్పుడో సిమెంటు స్లాబు వేశారు. లోపలి మూలవాసాలు రెండు బాగున్నాయి, రెండు స్లాబు వైపువి లేవు. డ్రిల్లు వేసిన ఆరు దూలాల్లో ఒకటి పోయింది. స్తంభాల పాదాలు మూడు మెత్తగా ఉన్నాయి, ఎనిమిది తొమ్మిది అంగుళాల మేర. వాటాదారులు అయిదుగురు, అందరూ ఒప్పుకున్నారు. అడగొచ్చా?

దూలం వాసం
స్లాబు వైపు దూలాలు, పట్టె ఉన్నాయా, స్లాబు వేసినప్పుడు తీసేశారా? లేకపోతే ఆ వైపు మొత్తం కొత్త కలప, సుమారు 60-70 ఘనపుటడుగులు. అది ధరలో తగ్గించుకోవాలి. ఎదుటి వాలు విప్పినప్పుడు కొలతలు తీసుకుంటే ఆ వైపు చేయించుకోవచ్చు. కానీ ఇంటి వెడల్పు రెండు వైపులా ఒకటేనా ముందు చూడండి. స్లాబు వేసేటప్పుడు వెనక గోడ జరిపి ఉండొచ్చు. నేల మీద పాత దిమ్మ రాళ్ల ఆనవాళ్లు వెతికితే తెలుస్తుంది.

పాదాలు మూడూ పెద్ద సమస్య కాదు. 9 అంగుళాల స్తంభం అయితే మెత్తబడ్డంత మేర కోసేసి, అంతే ఎత్తు రాతి దిమ్మ పెంచడం తేలిక. మిగతా 11 దిమ్మలతో ఎత్తు తేడా కనిపిస్తుందంటే కింద పాత టేకుతోనే అతుకు వేయించండి, అతుకు పొడుగు అడ్డుకొలతకు రెండున్నర రెట్లు, అంటే 22 అంగుళాల పైన. పొట్టి అతుకు నిలవదు.

అడితి లెక్క
14 స్తంభాలు, మూడు వైపుల కప్పు అంటే 240-250 ఘనపుటడుగులకు మించి రాదు. ఆ లెక్క మీద అడగండి, స్తంభాల చెక్కుడుకు విడిగా. పెంకులు స్లాబు వైపు లేవు కాబట్టి 2500 చదరపుటడుగులకు సరిపోవు.

గోదారి వకీలు
అయిదుగురూ నోటిమాటగా ఒప్పుకున్నారా, కాగితం మీదా? అడ్వాన్సు ఒకరి చేతికి ఇవ్వకండి. అయిదు చెక్కులు, అయిదు రసీదులు.

కోతిమూక
షాద్‌నగర్ అంటున్నారు కదా. కోతులున్నాయా అక్కడ? పెంకుటింటికి చెద కంటే అవే పెద్ద శత్రువు. చూరు వరస పెంకులు తోసి పారేస్తాయి.

బంగాళా పెంకు
ఉంటే చూరు నుంచి నాలుగు వరసల వరకూ ప్రతి పెంకూ తీగ కట్టాల్సిందే, వెన్ను పెంకులు సున్నం పరుపు మీద కూర్చోబెట్టాలి. కప్పు మీద వాలిన చెట్టుకొమ్మలు పదడుగుల దూరం వరకూ కొట్టించండి. కింద షీటు, పైన రెండు బద్దీల పద్ధతి వేయించి ఉంటే పెంకు జారిన రోజు ఇల్లు తడవదు, తీరిగ్గా సర్దుకోవచ్చు. 100 పెంకులు మాత్రం ఎప్పుడూ నిల్వ ఉంచండి, అదే అచ్చువి.